ధారణ లేని అవధానులు

ఎండలు ముదురుతున్నాయంటే ఆవకాయ ముక్కలూ, తాటిముంజెలూ, కరెంటు కోతలూ గుర్తుకొచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు ఉగాది పచ్చడి గిన్నె కడిగేలోపే ఇంకో పంట చేతికొస్తోంది. "అష్టావధానం చేస్తున్నానండీ బాబూ" అనే పంట. ఎవరిని కదిపినా ఇదే మాట. ఆఫీసులో మార్చి నెలాఖరు లెక్కలు, మిద్దె మీద తోట, ఫోన్లో పాతిక గ్రూపుల స్నేహాలు. మూడింటినీ ఒంటిచేత్తో నెగ్గుకొస్తున్నామని చెప్పేటప్పుడు గొంతులో విసుగు వినిపిస్తుంది గానీ, మొహంలో గండపెండేరం తొడిగించుకుంటున్న కళ ఉంటుంది.

ఈ బిరుదు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అవధానం అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. వేదిక మీద ఒకాయన, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి వారు అడుగడుగునా ఈ అక్షరం కూడదంటూ అడ్డుపుల్ల వేస్తారు. దత్తపది వారు పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటారు. ఒకరు ఉండుండి గంట కొడతారు, ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. మధ్యమధ్య అప్రస్తుత ప్రసంగి "అవధాని గారూ, మీ ఆవిడ పుట్టింట్లో ఉన్నారటగా, ఈ పూట భోజనమెక్కడ?" అని గిల్లుతుంటాడు. ఇన్నిటినీ తట్టుకుని, ఆఖర్న పద్యాలన్నీ కాగితం ముక్క చూడకుండా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. అది లేనిదే అవధానం లేదు.

మన వేసవి అవధానికి పృచ్ఛకుల కొదవ లేదు, ఒప్పుకుంటాను. మేనేజరు గారిది నిషిద్ధాక్షరి: "కుదరదు" అన్న మాట తప్ప ఏమైనా అనొచ్చు. క్లయింటుది దత్తపది: తక్కువ మంది, తక్కువ డబ్బు, తక్కువ గడువు, ఎక్కువ పని, ఈ నాలుగూ వచ్చేలా ప్రాజెక్టు పూరించాలి. గంటలు కొట్టే బాధ్యత ఫోను తీసుకుంది. అప్రస్తుత ప్రసంగానికి వాట్సాప్ ఉండనే ఉంది. కరువల్లా ధారణకే. ఆదివారం సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి "వారమంతా ఏం చేశావో వరసగా చెప్పు నాయనా" అంటే మొదటి పాదం దగ్గరే నీళ్ళు నములుతాడు. నమలక ఏం చేస్తాడు? ఆ పద్యాలు ఆయన చెప్పినవైతే కదా గుర్తుండటానికి!

మరి ఎవరు చెప్పారంటారా? మిద్దె మీదికి వెళ్దాం పదండి.

మన అవధాని గారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడు. నిజాంపేట వైపు అపార్ట్‌మెంటు, అందులో పై అంతస్తు, దాని మీద గ్రో బ్యాగులు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు రాసీ, చూపించీ మిద్దెతోటను ఇంటింటి మాట చేసిన తరవాత మొదలైన వేలాది తోటల్లో ఇదొకటి. జనవరి చలిలో, సంక్రాంతి సెలవుల ఉత్సాహం మీద, బీర, సొర, కాకర, టమాటా, వంగ, మిర్చి అన్నీ పెట్టేశారు. జనవరిలో అందరూ తోటమాలులే. లెక్క తేలేది మార్చిలో.

మార్చి రెండో ఆదివారం అమెరికావాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదింటికి పెట్టే మీటింగు అప్పటిదాకా మనకు రాత్రి ఏడున్నరకు పడేది. ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఆరున్నరకు పడుతుంది. ఈ సంగతి అవధాని గారికి ఆయన ప్రయత్నం లేకుండానే తెలుస్తుంది, ఫోన్లో క్యాలెండరు దానంతటదే మారిపోతుంది. బీరపాదుకు మాత్రం ఎవరూ కబురు చెయ్యరు. బీరపువ్వు పొద్దున్నే పూసే రకం కాదు. ఎండ వాలాక, సరిగ్గా ఆ ఆరూ ఆరున్నర వేళకే విచ్చుకోవడం మొదలెడుతుంది. సొరపువ్వుదీ సాయంత్రం డ్యూటీయే. ఊళ్ళో, చేలల్లో అయితే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు మిగతా పెళ్ళిపెద్దరికం చూసుకుంటాయి. ఐదో అంతస్తు దాకా వచ్చే పురుగులు తక్కువ. అందుకని మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పుప్పొడి ఉన్న మధ్యభాగాన్ని ఆడపువ్వు నడిమికి తాకించాలి. ఆడపువ్వును పోల్చుకోవడం తేలికే. పువ్వు కిందే చిటికెనవేలంత పిందె ఉంటుంది. ఈ పని జరక్కపోతే ఆ పిందె పసుపుబారి, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది.

ఇక ఆరున్నరకు మిద్దె మీద జరిగేది చూడండి. అవధాని గారు నీళ్ళట్యాంకు నీడన ప్లాస్టిక్ కుర్చీలో ఉంటారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో ల్యాప్‌టాప్. వాళ్ళమ్మగారు కొంగు బొడ్లో దోపుకుని పందిరి కింద నిలబడి ఉంటారు.

"ఒరేయ్, ఇటేపు నాలుగు విచ్చాయిరా. ఆ మగపువ్వు అందివ్వు, నాకు అందట్లేదు."

ఆయన అరచెయ్యెత్తి ఆగమంటాడు.

"పోనీ ఈ స్టూలైనా పట్టుకో."

"అమ్మా, కాల్‌లో ఉన్నా. ఐదే ఐదు నిమిషాలు."

ఆ ఐదు నిమిషాలు ఎనిమిదింటికి పూర్తవుతాయి. ఈలోపు ఆవిడే స్టూలెక్కి, మగపువ్వు కోసి, నాలుగు ఆడపూలకూ తాకించి, దిగి, కుండీలకు నీళ్ళు పోసి, వంగ ఆకుల అడుగున పిండినల్లి పట్టినచోట లీటరు నీళ్ళకు చెంచాడు వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొట్టి, కిందికొచ్చి మోకాళ్ళకు బామ్ రాసుకుంటూ ఉంటారు.

వారం పది రోజులకు బీరకాయలు కోతకొస్తాయి. ఆదివారం పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని వాటిని చాటలో పేర్చి, అవధాని గారు ఫొటో తీస్తారు. కింద వాక్యం: "ఎన్ని పనులున్నా నా తోటకు నేను టైమిస్తాను. మరి మీరు?" ఆ "మరి మీరు" దగ్గర మనం తలదించుకోవాలన్న మాట. చాట పట్టుకున్నది అమ్మే. గాజుల చేతులు రెండు అంచున పడితే, పోస్టు చేసే ముందు వాటిని కత్తిరించేశారు. కాయల మీదికి చూపు పోవట్లేదట!

ఇదేదో ఒక ఇంటి పితూరీ అనుకునేరు. జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి, జనం రోజును ఎలా ఖర్చు పెడుతున్నారో 2024లో లెక్క తీసింది. ఆరేళ్ళు దాటినవాళ్ళలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. ఇంటర్వెల్‌తో కలిపి ఒక భారీ తెలుగు సినిమా. "టైమ్ మేనేజ్‌మెంట్" మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళలో మగవాళ్ళే ఎందుకు ఎక్కువ కనిపిస్తారా అని వెనకెప్పుడైనా ఆశ్చర్యపడి ఉంటే, ఇక పడక్కర్లేదు. రోజుకో సినిమా నిడివి టైము చేతిలో ఉంటే ఎవరు మాత్రం మేనేజ్ చెయ్యలేరు?

ఆ ఉపన్యాసకుల సలహా కూడా ఒక్కటే. పొద్దున నాలుగున్నరకే లేవండి, జీవితం మారిపోతుంది. మన నానమ్మలు జీవితమంతా నాలుగున్నరకే లేచారు. దానికెవరూ క్లబ్బు పెట్టలేదు, సర్టిఫికెట్టు ఇవ్వలేదు. కళ్ళాపి చల్లడం, పాలు పితకడం, పొయ్యి రాజెయ్యడం అన్నారు, అంతే.

రెండో పద్యం ఆఫీసుది. వారానికి 168 గంటలు, ఈ అంకెను ఇంకా ఎవరూ సవరించలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారు పాటను 90కి పెంచి, ఇంట్లో కూచుని ఎంతసేపని భార్య మొహం చూస్తారని కూడా అడిగారు. సరే, 168లోంచి 90 తీసేద్దాం. 78 మిగులుతాయి. రాత్రికి ఏడు గంటల చొప్పున నిద్రకు 49. మిగిలింది 29. రోజుకు నాలుగు గంటల పైచిలుకు. స్నానం, తిండి, మియాపూర్ జంక్షన్‌లో ట్రాఫిక్, పిల్లల హోంవర్కు అందులోంచే. భార్య మొహం సంగతి దేవుడెరుగు, వంగమొక్క మొహం చూడ్డానికి కూడా చిల్లర మిగలదు.

ఈ లెక్క కంపెనీలకు తెలియక కాదు. అందుకే వేసవి రాగానే "పనీ జీవితం సమతూకం" అని ఆన్‌లైన్ శిబిరం పెడతాయి. ఎప్పుడు? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా. హాజరు తప్పనిసరి. సమతూకంగా బతకడమెలాగో వింటూ, కెమెరా ఆపేసి, పెరుగన్నం గబగబా మింగాలి. చివర్లో బాల్కనీ తోటల ఫొటో పోటీ, గెలిచినవారికి కంపెనీ బొమ్మ ఉన్న కాఫీ కప్పు. తోట పెంచడానికి గంట సెలవిస్తారా అని మాత్రం ఎవరూ అడగకూడదు. అది నిషిద్ధాక్షరి.

మరి అవధాని గారు తోటకనీ, గ్రూపుల కబుర్లకనీ పని మధ్యలో లేచి వెళ్ళిన అరగంటలన్నీ ఎవరి ఖాతాలో పడుతున్నాయి? టీములో మొన్న చేరిన కుర్రాడి ఖాతాలో. కడప నుంచో ఖమ్మం నుంచో వచ్చి, ఇద్దరితో గది పంచుకుని ఉంటాడు. రాత్రి పదకొండింటికి సర్వరు మొండికేస్తే, లీడు గారి ఫోను పలకదు, ఆ సమయానికి ఆయన కాకర ఆకు మచ్చల మీద గ్రూపులో చర్చ నడుపుతుంటారు. కుర్రాడు ఒక్కడే కూచుని, తెల్లవారుజామున రెండింటికి బాగుచేస్తాడు. మర్నాడు మీటింగులో "రాత్రి సమస్య వచ్చింది, చూసుకున్నాను" అంటారు లీడు గారు. అదే బాగుపడకపోయి ఉంటే "మనవాళ్ళు కాస్త శ్రద్ధ పెట్టాల్సింది" అనేవారు. అయితే నేను, కాకపోతే మనవాళ్ళు. వ్యాకరణం తెలిసిన మనిషే.

మూడోది స్నేహం. ఇది సున్నితమైన విషయం కాబట్టి అంకెలతో మొదలుపెడతాను. మనిషి బుర్ర నిజంగా పట్టి ఉంచుకోగలిగే సంబంధాలు ఇంచుమించు 150 అని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1990లలో ప్రతిపాదించారు. వాట్సాప్ గ్రూపులో 1,024 మందిని కూర్చోబెట్టొచ్చు. ఫేస్‌బుక్ 5,000 మంది స్నేహితుల దగ్గర గేటు మూస్తుంది. మన అవధాని గారు ఆ గేటుకు చేరువలో ఉన్నారు.

ఇంతమందితో స్నేహం ఎలా నడుస్తుందో తెలియాలంటే ఏదైనా తోటల గ్రూపులో ఒక పూట కూచోవాలి. ఎవరో పండిపోయిన మిరప ఆకు ఫొటో పెడతారు. ఒకరు బోరాన్ లోపమంటారు, ఒకరు నీళ్ళెక్కువయ్యాయంటారు, ఒకరు తక్కువయ్యాయంటారు, ఒకరు దిష్టి తగిలిందంటారు. ఏ రోగానికైనా "వేపనూనె కొట్టండి" అనే వైద్యుడు ఒకాయన తప్పనిసరి. ఇంతలో ఒక సభ్యురాలు తమ నాన్నగారు పోయారని రాస్తారు. వరసగా ఓం శాంతి, ఓం శాంతి, ఓం శాంతి. మధ్యలో "ఇంతకీ కాకరకు ఏం ఎరువేశారు మేడమ్?" మళ్ళీ ఓం శాంతి. ఆ ఓం శాంతి కూడా పూర్తిగా టైపు చేసింది మొదటివాడే, మిగతావాళ్ళు కాపీ కొట్టారు. అవధాని గారు సిగ్నల్ దగ్గర బండి ఆపి, ఒక ఓం శాంతి, రెండు "సూపర్", ఒక పుట్టినరోజు కేకు బొమ్మ పంపి, పచ్చలైటు పడగానే బయల్దేరారు. నలుగురు స్నేహితుల బాగోగులు ఆ నిమిషంలో తీరిపోయాయి.

ఆ గ్రూపుల్లో నిజమైన స్నేహం లేదని అనను. ఉంది, అదీ ఎవరో ఒకరి వేళ్ళ మీదే నడుస్తోంది. నెల్లూరులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ నేతిబీర విత్తనాలు ఎండబెట్టి, కాగితం పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం మీద పేరూ, విత్తే నెలా గుండ్రటి అక్షరాలతో రాసి, అడిగినవాళ్ళందరికీ కొరియర్ చేస్తుంది. విత్తనాలు ఉచితం, కొరియర్ ఖర్చు మాత్రం మీది అంటుంది, సగంమంది అదీ పంపరు. నాలుగు రోజులు గ్రూపులో కనబడనివాళ్ళకు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగేదీ ఆవిడే. ఆ విత్తనాలు మొలిచాక అవధాని గారు రాసింది: "నా స్నేహ ప్రపంచం నాకిచ్చిన పచ్చని కానుక." ప్రపంచం ఇచ్చిందట. టీచరమ్మకు ఒక దణ్ణం బొమ్మ పడింది.

నీళ్ళ సంగతి చెప్పకుండా ఎండాకాలం వ్యాసం ముగించకూడదు. బోరు గుటకలేయడం మొదలెట్టగానే అపార్ట్‌మెంటుకు 5,000 లీటర్ల ట్యాంకరు వస్తుంది, ఖర్చు అందరి మెయింటెనెన్సులో కలుస్తుంది. అందులో ఎంత బిందెల్లోకి, ఎంత బీరపాదుల్లోకి పోయిందో చెప్పే మీటరు లేదు. కింది అంతస్తులో అద్దెకుండే ఆయన జన్మలో మొక్క నాటలేదు, అయినా ఆ బీరకాయల్లో ఆయన వాటా ఉంది. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటిని మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ట్యాంకరుకు 5,000 లీటర్లు, ఫేస్‌బుక్‌లో 5,000 మంది స్నేహితులు, జరిమానా 5,000 రూపాయలు. మన అవధాని గారి జాతకంలో ఈ అంకెకు ఏదో యోగం ఉంది.

"అయితే ఏమంటారు, మొక్కలు పెంచొద్దా, స్నేహాలు చెయ్యొద్దా?" అని కోప్పడతారు. భేషుగ్గా పెంచండి, చెయ్యండి. చేస్తున్నది ఎవరో చెప్పండి, అంతే. మీరొక్కరే చెయ్యాలనుకుంటే అదీ కుదురుతుంది, కొంచెం తగ్గించుకోవాలి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి చచ్చుబడి పూత రాలుతుంది. మీరు నాలుగున్నరకు లేచినా రాలుతుంది, మూడింటికి లేచినా రాలుతుంది. నీళ్ళు లేని ఏడాది రైతు పొలంలో సగం బీడు పెడతాడు, అందుకు నామోషీ పడడు. సగం బ్యాగులు ఖాళీగా పెట్టి, మిగతా వాటిలో తోటకూర, బచ్చలి వెయ్యండి. కాస్త నీడా, రెండు పూటలా నీళ్ళూ ఉంటే నెలలో తోటకూర కూరకొస్తుంది. పువ్వుకు పెళ్ళి చెయ్యక్కర్లేదు కాబట్టి అమెరికా గడియారంతో పేచీ ఉండదు. మీటింగు సంగతి మేనేజరుకు చెప్పండి, "కుదరదు" అన్న అక్షరాలు వాడి చూడండి. ఐదు వేల మందికి బదులు ఐదుగురికి ఫోన్ చెయ్యండి.

తగ్గించుకోవడం ప్రాణం మీదికొస్తుందంటే, ఇంకో మర్యాద ఉంది. దాన్ని అసలైన అవధానులే నేర్పారు. తిరుపతి వేంకట కవులు ఇద్దరు మనుషులు. తెలుగు నాట అవధానానికి అంత ఊపు తెచ్చినవాళ్ళు, రాసినవన్నీ జంట పేరు మీదే వేసుకున్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు ముందు పోయారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు ఆ తరవాత మూడు దశాబ్దాలు బతికారు, ఒంటరిగా రాసినవాటి మీదా జంట పేరే ఉంచారు. పోయిన మనిషి పేరు కూడా వదల్లేదాయన. మనం పక్కగదిలో మోకాళ్ళకు బామ్ రాసుకుంటున్న మనిషి పేరు రాయలేకపోతున్నాం.

కాబట్టి ఈ వేసవికి ఒక నియమం పెడదాం. బీరకాయల ఫొటో పెట్టినప్పుడు కింద సినిమా టైటిల్స్‌లాగా పేర్లన్నీ వెయ్యాలి. నీళ్ళు, పరాగ సంపర్కం, వేపనూనె: అమ్మ. విత్తనాలు: నెల్లూరు టీచరమ్మ. ఎరువు మూటలు ఐదంతస్తులు మోసింది: వాచ్‌మన్. ట్యాంకరు ఖర్చు: మా అపార్ట్‌మెంటులోని అన్ని గడపలూ, ముఖ్యంగా కింది అంతస్తు వారు. రాత్రి నా బదులు ఆఫీసు పని చూసింది: కొత్త కుర్రాడు. ఆదివారం ఆ కాయలు చెక్కు తీసి కూర వండింది: మా ఆవిడ. తొక్కుతో పచ్చడి: మళ్ళీ అమ్మ.

జాబితా అంతా రాశాక మీ పేరుకు ఒక్క ఫొటో దగ్గరే చోటు మిగిలిందా? పర్వాలేదు, అదీ పనే. ఈసారి గాజుల చేతులు కత్తిరించకుండా పెట్టండి.